ఆర్గాన్ గది

నా స్నేహితుడి శవం నెల్లూరు స్టేషన్‌లో పార్శిల్ బోగీలోంచి దిగింది. దాని వెంట వచ్చినవాళ్ళం ఇద్దరం. నేను, ఫ్యాక్టరీ వాళ్ళు నాకు తోడుగా పంపిన ఆఫీసరు. స్టేషన్ బయట ఒక వ్యాను మాట్లాడుకుని పెట్టెను ఎక్కించాం. ఆత్మకూరు దారిలో పెట్టెలోని ఐసు కరిగి, సంగం చేరేలోపే వ్యాను వెనకనుంచి నీళ్ళు రోడ్డు మీద కారుతున్నాయి. సంగంలో డ్రైవరు టీ కోసం ఆపాడు. బండి చుట్టూ చేరినవాళ్ళు చేపల లోడు అనుకున్నారు. సోమశిల డ్యాము చేపలు నెల్లూరికి పోయే దారి అది, ఎదురు వస్తున్నదేమిటా అని ఒకాయన అడిగాడు కూడా. డ్రైవరు సంగతి చెప్పాడు. అడిగినాయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసి తువ్వాలు తలమీంచి తీశాడు.

తొంభైల మధ్య సంగతి ఇది. వాడికీ నాకూ ఒకటే వయసు, పాతిక దాటి ఒకటి రెండు ఏళ్ళు.

మాది ఉదయగిరి. మా నాయన కొండ వాలులో గొర్రెలు మేపేవాడు. పదో తరగతి అయ్యాక నాకు చదువు మీద మనసు పోలేదు. ఆత్మకూరు బస్సు డిపో వెనక వెల్డింగ్ షాపులో పని నేర్చుకోమని తెలిసినవాళ్ళు చేర్చారు. అక్కడ నాకంటే ముందే చేరి ఉన్నాడు వాడు. ఆత్మకూరు పక్కనే ఒక పాలెం వాళ్ళది. తాత ముత్తాతల నాడే బాప్టిస్టు మిషన్‌లో చేరిన కుటుంబం. వాళ్ళ నాయనది బావుల్లో పూడిక తీసే పని. వేసవి వస్తే ఆయన్ని తాడు కట్టి దించని ఊరు ఆ చుట్టుపక్కల లేదు.

ట్రాక్టరు ట్రక్కులు, ఇంటి గేట్లు, నాగళ్ళు, హోటలు పొయ్యిలు, ఏది వస్తే అది అతికేవాళ్ళం. వర్షాకాలంలో రాడ్లు చెమ్మబడితే ఎండలో ఆరబెట్టి వాడేవాళ్ళం. అతుకు ఆరాక సుత్తితో ఒకటి వేసి, ఊడకపోతే మంచి అతుకు అని ఇచ్చేసేవాళ్ళం. మా పని చూసి షాపు ఓనరే మమ్మల్ని ఇద్దరినీ ఐటీఐలో చేరమన్నాడు. అక్కడ పాసయ్యాక వేరే రాష్ట్రంలో విమానాల జెట్ ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అప్రెంటిసులుగా తీసుకున్నారు. రెండు రైళ్ళు మారాలి. బయలుదేరిన రోజు వాళ్ళమ్మ మా ఇద్దరికీ చేపల పులుసూ అన్నం మూట కట్టి, నా తల మీదా వాడి తల మీదా చేయి పెట్టి ప్రార్థన చేసింది. నా తల మీద అట్లా ఎవరూ చేయి పెట్టి ప్రార్థన చేయలేదు అంతకుముందు. ఎటు చూడాలో తెలియక కింద చూశాను.

ఫ్యాక్టరీలో మేము నేర్చిన పనంతా మర్చిపోమన్నారు. అక్కడ అతుకు ఊడకపోవడం కాదు, లోపల సూది మొనంత రంధ్రం ఉన్నా ఆ ముక్క పనికిరాదు. ఎక్స్‌రే తీసి చూసేవాళ్ళు. మాకు ఇచ్చింది టైటానియం పని. ఇనుము కంటే తేలిక, దాదాపు అంత బలం. కానీ కాలేటప్పుడు దానికి గాలి తగలకూడదు. ఎర్రగా ఉన్నప్పుడు గాలి పీల్చిందంటే చల్లారాక గాజులాగా పెళుసైపోతుంది. అందుకని ముక్కను మందుతో తుడిచి, చేతులకు తెల్ల గుడ్డ తొడుగులు తొడుక్కుని పట్టుకోవాలి. మన చేతి జిడ్డు కూడా దానికి శత్రువే. అతుకు వెండి రంగులో మెరిస్తే మంచిది. నీలం రంగు తిరిగితే గాలి తగిలినట్టు, ఆ ముక్క చెత్తలోకే. వాడి అతుకులు వెండిలా ఉండేవి. నావి ఎండుగడ్డి రంగు తేలేవి, పాసయ్యేవి గానీ ఎవరూ ఆగి చూసేవాళ్ళు కాదు.

చిన్న ముక్కలకు గాజు పెట్టె ఉండేది. దానికున్న రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి బయటనుంచే పనిచేసేవాళ్ళం. ఇంజను పైతొడుగులు పెద్దవి, పెట్టెలో పట్టవు. వాటి కోసం ఉక్కుతో ఒక గది కట్టారు. తలుపు మూసి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, ఆర్గాన్ అనే గ్యాసు నింపుతారు. బయట నిలబడి గోడకున్న రబ్బరు చేతి తొడుగుల్లోంచి అతుకు వేస్తాం. పని అయ్యాక ఆర్గాన్ తీసేసి, గాలి వదిలి, ఫ్యాను తిప్పి, తలుపు పక్కనున్న మీటరులో ప్రాణవాయువు సరిపడా ఉందని చూసుకుని అప్పుడు లోపలికి వెళ్ళాలి. ఆర్గాన్‌కు రంగు లేదు. వాసన లేదు. విషమూ కాదు. మామూలు గాలి కంటే బరువు, అందుకని అడుక్కు దిగి నిలుస్తుంది. అది ఉన్నచోట గాలి ఉండదు, అంతే.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఒకసారి అడిగింది, అక్కడ ఏం చేస్తార్రా అని.

"గాలి తగలకుండా అతికిస్తామమ్మా" అన్నాడు వాడు.

"గాలి తగలకుండా ఏం పనిరా అది, పిచ్చి పని" అని ఆమె నవ్వింది.

వాడు పోయిన రోజుకు మీటరు చెడిపోయి వారమో పది రోజులో అయింది. రిపేరుకు పంపారు. అది వచ్చేదాకా గది వాడొద్దని ఎవరూ అనలేదు. ఇంజన్లు ఆగకూడదు. ఫ్యాను ఇంకాసేపు తిప్పండి, చాలు అన్నారు. మేమూ అట్లాగే చేస్తూ వచ్చాం. ఆ రోజు ఉదయం షిఫ్టులో వాడు ఒక పైతొడుగు అతుకు పూర్తి చేశాడు. ఫ్యాను తిప్పాం. తలుపు తీశాం. ఆర్గాన్ వచ్చే గొట్టం వాల్వు పూర్తిగా మూసుకోలేదనీ, అడుగున గ్యాసు ఇంకా చేరుతూనే ఉందనీ తరవాత తెలిసింది. నేను తలుపు దగ్గర తోపుడుబండి సర్దుతున్నాను. వాడు లోపలికి వెళ్ళి, పైతొడుగు అడుగున బిగించిన క్లాంపు విప్పడానికి మోకాళ్ళ మీద కూర్చుని వంగాడు.

నేను తల ఎత్తి చూసేసరికి వాడు ఆ పైతొడుగు అంచుకు చెంప ఆనించి ఉన్నాడు. అలసిపోయి కళ్ళు మూసుకున్నట్టు.

"ఏంరా, నిద్రొచ్చిందా?" అన్నాను.

పలకలేదు. లోపలికి పరిగెత్తాను. చంకల కింద చేతులు వేసి లేపడానికి వంగాను. ఒక ఊపిరి పీల్చడం గుర్తుంది. ఉక్కిరిబిక్కిరి లేదు, దగ్గు లేదు, మంట లేదు. అది మామూలు ఊపిరిలాగే ఉంది. మోకాళ్ళు నావి కానట్టు మడుచుకుపోయాయి. ఆ తరవాత నాకు కనిపించింది షాపు పైకప్పు. క్రేను నడిపే ఆయన గుమ్మంలో పడుకుని, ఊపిరి బిగపట్టి, నా కాళ్ళు పట్టి బయటికి లాగాడట. నా కాళ్ళు తలుపు వైపు ఉన్నాయి కాబట్టి అందాయి. వాడు అందలేదు. మాస్కు వేసుకున్న మనిషి వచ్చి బయటికి తెచ్చేసరికి అయిపోయింది. పోస్టుమార్టం లేకుండానే ఫ్యాక్టరీ ఆసుపత్రిలో కాగితాలు రాసి పెట్టెలో పెట్టారు.

పెట్టెతో రైలు ఎక్కే ముందు ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు తెలుగు రాదు, హిందీలో చెప్పాడు. "గుండె ఆగిపోయిందని చెప్పు. పల్లెటూరివాళ్ళకు గ్యాసు గురించి చెబితే అర్థం కాదు. విచారణ ఇంకా జరగలేదు కదా. ఉన్నవీ లేనివీ మాట్లాడకు." దారి పొడుగునా ఆయన నాకు మర్యాదగా టీలు ఇప్పించాడు.

పాలెంలోకి వ్యాను వెళ్ళినప్పుడు పొద్దున తొమ్మిదో పదో అయింది. ఇంటి ముందు అప్పటికే జనం. టెలిగ్రాం అంది వాళ్ళు ఏడ్చి ఏడ్చి గొంతులు పోయి ఉన్నారు. పెట్టె దించి మేకులు ఊడదీస్తుంటే వాళ్ళ నాయన వచ్చి నా చేతిలోని సుత్తి తీసుకుని తనే మిగతావి ఊడదీశాడు. వాళ్ళమ్మ కొడుకు మీద పడలేదు. అందరూ పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు గానీ ఆమె పక్కన కూర్చుని వాడి చేతులు తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసింది. జుట్టులో వేళ్ళు పెట్టి తల అంతా తడిమింది. చొక్కా గుండీలు తీసి ఛాతీ, పొట్ట చూసింది.

"యాడా దెబ్బ లేదే" అంది. "నిప్పు పనన్నారే. కాలిన మచ్చ కూడా లేదే."

పెదవులు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె ఆ మాట అననే అంది. "మందు తాగినోళ్ళకు అట్టనే అయితాది."

ఆ ప్రాంతంలో అప్పటికి పురుగుల మందు తాగి పోయినవాళ్ళను చూడని ఊరు లేదు. మాట గుంపులో చివరిదాకా పోవడం నేను నిలబడి చూశాను. ఒకరు తాగుడన్నారు. ఒకరు అక్కడ ఎవరో ఆడమనిషి సంగతన్నారు. కాసేపటికి సంఘ పెద్దలు ఇద్దరు గుడి వైపు వెళ్ళి పాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన ముసలాయన, మెత్తని మనిషి. వాళ్ళ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చాలా నెమ్మదిగా చెప్పాడు.

"బిడ్డ తనకు తానుగా ఏమన్నా చేసుకుని ఉంటే, గుడిలోకి తీసుకుపోవడానికి పెద్దలు ఒప్పుకోరు. ఇక్కడే నాలుగు మాటలు ప్రార్థన చేసి సమాధుల తోటకు తీసుకుపోదాం. నేను అడగక తప్పదు. ఎట్టా పోయినాడు?"

వాళ్ళ నాయన నా వైపు చూశాడు. పాస్టరుగారు ఆఫీసరు వైపు చూశారు. ఆఫీసరు లేచి, హిందీలో గుండె ఆగిందనీ, డాక్టర్లు చాలా ప్రయత్నం చేశారనీ, ఫ్యాక్టరీ అంతా దుఃఖంలో ఉందనీ చెప్పి, తెలుగులో చెప్పమన్నట్టు నాకు తల ఊపాడు.

"గుండె ఆగిపోయిందని చెప్పమంటున్నాడు" అన్నాను.

వాళ్ళమ్మ వాడి మీదనుంచి చూపు తిప్పి నన్ను చూసింది. "చెప్పమంటున్నాడా? నువ్వేం చెప్తావు అబ్బయా? నువ్వు ఆడనే ఉన్నావంట గదా?"

"ఉన్నానమ్మా."

"అయితే నువ్వు చెప్పు."

నేను చెప్పాను. మొదట గందరగోళంగా చెప్పాను, టైటానియం, ఆర్గాన్, పంపు, వాల్వు అని. ఎవరికీ ఎక్కలేదు. గ్యాసంటే వాళ్ళకు తెలిసింది వంటగ్యాసు, అది కాలుతుంది, వాసన వస్తుంది. వాసన లేని గ్యాసేందిరా అన్నాడు ఒక పెద్దాయన. అప్పుడు నాకు వాళ్ళ నాయన పని గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి వాడకుండా మూసిన బావిలో దిగితే మనిషి అడుగుకు చేరకముందే ఒరిగిపోవడం అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. దిగే ముందు లాంతరు దించుతారు. ఆరిపోతే దిగరు.

"నాయనా, పాడుబడ్డ బావిలో చెడ్డగాలి ఉంటాది గదా" అన్నాను. "అట్టాంటిదే. కాకపోతే అది దానంతట అది చేరేది, ఇది మేము నింపుతాము. ఆ లోహం కాలేటప్పుడు గాలి తగలకూడదు, అందుకని. పనయినాక తీసేస్తాము. ఆ రోజు పూర్తిగా పోలేదు. అడుగున నిలబడి ఉండాది. వాడు వంగినాడు."

ఆ ఊళ్ళో దీనికి ఇంక వివరం అక్కర్లేదు.

వాళ్ళ నాయన అడిగాడు. "మరి లాంతరు?"

"మాకు మీటరుండేది, నాయనా. చెడిపోయినాది."

"చెడిపోతే?"

"రిపేరుకు పంపినారు."

"రిపేరుకు పోతే దించకూడదు గదా మనిషిని" అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. ఎవరినీ చూస్తూ కూడా అనలేదు. "దించకూడదు గదా" అని ఇంకోసారి అని, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అంతదాకా ఏడవని మనిషి.

ఆఫీసరుకు మాటలు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. నా భుజం మీద చేయి వేసి వ్యాను దగ్గరికి రమ్మన్నాడు. నేను కదల్లేదు.

వాళ్ళమ్మ అడిగింది, "నొప్పి పడినాడా?"

"లేదమ్మా."

"నా కోసం చెప్తున్నావా?"

"కాదమ్మా. నేనూ దాంట్లోకి పోయినాను వాడి కోసరం. నేనూ పడినాను. ఒక్క ఊపిరి. ఏం తెలియదు. భయపడేదానికి కూడా టైముండదు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను బతికున్న సంగతి అప్పుడే గమనించినట్టు. వాడి చొక్కా గుండీలు మళ్ళీ పెట్టింది.

గుడిలోకి తీసుకెళ్ళారు. పాస్టరుగారు ప్రార్థనలో, ఈ బిడ్డ పని చేస్తూ పోయినాడని గట్టిగా, వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేలా చెప్పారు. మధ్యాహ్నం ఎండలో తోటలో పూడ్చిపెట్టాం. గొయ్యి తవ్వినవాళ్ళు వాళ్ళ నాయనతో బావుల్లో దిగే మనుషులే. ఆయన కూడా గొయ్యిలోకి దిగి అడుగు చదును చేయబోతే పైకి లాగారు.

తిరుగు రైల్లో ఆఫీసరు నాకు టీ ఇప్పించలేదు. దిగేముందు మాత్రం, "నువ్వు మంచి పని చేయలేదు, నీకే తెలుస్తుంది" అన్నాడు. వెళ్ళగానే నన్ను వెల్డింగ్‌లోంచి తీసి స్టోర్స్‌లో వేశారు. స్క్రూలు, గొట్టాలు అందిస్తూ ఏడాది పైగా గడిపాను. విచారణలో నన్ను పిలిచి మీటరు గురించి అడిగారు, చెప్పాను. చివరకు చనిపోయిన మనిషి జాగ్రత్త తీసుకోలేదని తేల్చారు. మీటరు మాత్రం కొత్తది వచ్చింది, దాంతోపాటు గంట మోగే యంత్రం కూడా. గాలి తగ్గితే తలుపు దగ్గర మోగుతుంది. నన్ను మళ్ళీ ఆ గదికి పంపినప్పుడు అది ఉంది. మొదటి రోజు నేను గుమ్మం దాటలేకపోయాను. క్రేను నడిపే ఆయన వచ్చి నా నడుముకు తాడు కట్టి రెండో కొన తన చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు వెళ్ళాను.

మా అమ్మ ఆ ఉద్యోగం మానేయమని ప్రతి సెలవుకూ ఏడ్చేది. మా నాయన గొర్రెలు సగం అమ్మేశాడు అప్పటికి, కొండ మీద మేత లేక. "మానేసి వచ్చి ఏం చేస్తాడు? నా వెనక తిరగతాడా?" అనేవాడు. ఇద్దరి మాటా నిజమే. నేను మానలేదు.

సెలవుకు వచ్చినప్పుడల్లా ఆత్మకూరులో దిగి వాళ్ళింటికి వెళ్ళి, ఆ తరవాతే ఉదయగిరి బస్సు ఎక్కేవాణ్ణి. వాళ్ళమ్మ అన్నం పెట్టేది. వాళ్ళ నాయన ఇంకా బావుల్లో దిగుతూనే ఉన్నాడు. "దిగబాక నాయనా" అంటే, "దిగకపోతే ఎట్టా?" అనేవాడు. తరవాత ఊరూరా బోర్లు పడ్డాయి. బావులు ఎండిపోయాయి, పూడిక తీయించేవాళ్ళు లేకుండా పోయారు. ఒక సెలవుకు వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. సంగం వైపు కాలవ కింద నాట్లకు పోయినారు, ఆడనే గుడిసె వేసుకున్నారు అని పక్కింటివాళ్ళు చెప్పారు.

మరుసటి రోజు సంగం వెళ్ళి వెతికాను. ఆనకట్ట కింద మళ్ళలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. గట్టు మీద నిలబడి పిలిస్తే వాళ్ళమ్మ నడుము ఎత్తి చూసింది. బురద కాళ్ళతో గట్టు దాకా వచ్చింది. బాగా చిక్కింది. తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. నాయన ఎట్లా ఉన్నాడంటే, నడుం పట్టేసినాది, గుడిసెలో పడుకోనుండాడు అంది. ఇంకా ఆ పనేనా అని అడిగింది. ఆ పనేనన్నాను.

కాసేపు చేతులకున్న బురద గీక్కుంటూ నిలబడింది.

"అబ్బయా, ఒక మాట చెప్తా, తప్పు పట్టబాక. నువ్వు మంచోడివి. ఆ రోజు నువ్వు చెప్పకపోతే నా బిడ్డ పురుగుల మందు తాగి పోయినాడని ఊరంతా అనుకునేది. అది నేను మరువను. కానీ నువ్వు వచ్చినప్పుడల్లా నీ యెనక వాడు వస్తాడేమోనని వాకిట్లోకి చూస్తా. నువ్వు పోయినాక నాలుగు దినాలు అన్నం దిగదు. ఇంక రాబాక నాయనా."

నేను సరేనన్నాను.

వరసలో ఆడవాళ్ళు ముందుకు పోతున్నారు, ఆమె చోటు ఖాళీగా మిగిలింది. మేస్త్రీ అరిచాడు. ఆమె మళ్ళీ మడిలోకి దిగింది. నేను రోడ్డు మీదికి వచ్చి ఉదయగిరి బస్సు కోసం నిలబడ్డాను. ఆ తరవాత నేను వాళ్ళను చూడలేదు.